దొర చూపు

నేను చేసింది తప్పేనని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. అననీ. ఆ వానాకాలం మా ఇంట్లో ఏం జరిగిందో వాళ్లలో సగం మందికి తెలియదు. తెలిసిన మిగతా సగం మందికి మా అత్తయ్యంటే భయం.

అత్తయ్యని ఊళ్లో అందరూ కుక్కలమ్మ అంటారు. చాటుగా కాదు, ఎదురుగానే. ఆవిడకి అది బిరుదు. ముప్పై ఏళ్లుగా లాబ్రడార్ కుక్కల్ని పెంచి, ఈతలు తీయించి, పిల్లల్ని వంశం రాసిన పెడిగ్రీ కాగితాలతో సహా అమ్ముతోంది. డాగ్ షోల్లో మా కుక్కని అంత దూరం నుంచి చూసి "అది కుక్కలమ్మ ఇంటి తల" అని చెప్పేస్తారు. వెడల్పాటి నుదురు, మెత్తగా జారిన చెవులు, మనం ఏదో అంటే నొచ్చుకున్నట్టు చూసే కళ్లు. ఆ తల కోసం ఆవిడ తండ్రికి కూతుర్ని కలిపేది, తాతకి మనవరాలిని కలిపేది. మనుషుల్లో అయితే కర్రలు పట్టుకుని వెంటపడతారు. కుక్కల్లో దానికి లైన్ బ్రీడింగ్ అని గౌరవమైన పేరుంది.

నేను కోడలిగా వచ్చిన మొదటి వారంలో తిన్న తిట్లు కూర మాడినందుకు కాదు, స్టూలు జరిపినందుకు. మహా అయితే రెండు జానలు జరిపి ఉంటాను. "ఈ ఇంట్లో దేని చోటు దానిదే" అని అత్తయ్య ఇంటి కప్పు లేచిపోయేలా అరిచింది. బల్ల, బకెట్టు, చెప్పుల స్టాండు, గుమ్మం పక్కన గొడుగు, ఏదీ అంగుళం కదలకూడదు. నాకు తిక్కరేగింది కానీ కొత్త కోడల్ని కదా, మింగేశాను. మా ఆయన్ని అడిగితే "అమ్మకి అదో చాదస్తంలే" అన్నాడు. ఆయనది తాళాలు బాగుచేసే కొట్టు. అమ్మ మాట్లాడితే అమ్మకి తల ఊపుతాడు, నేను మాట్లాడితే నాకు తల ఊపుతాడు. ఇంటినిండా కుక్కలు, మధ్యలో మా ఆయనొక్కడే గోడ మీద పిల్లి.

అలా ఆరేళ్లు గడిచాయి. కుక్క మొరిగితే మంచమెక్కే నేను, కుక్కలకి కాన్పులు చేసేదాకా వచ్చాను. మూడేళ్ల కిందట ఒక ఈతలో అరచేతిలో పట్టేంత ఆడపిల్ల పుడితే, పాలు పట్టి, ఒళ్లో వెచ్చగా పెట్టుకుని బతికించాను. పేరు తేనె. అత్తయ్య దాని కాగితాలు నా పేరనే రాయించింది. ఆవిడ మంచితనం గురించి కూడా చెప్పాలి కదా, అందుకే చెబుతున్నాను.

ఆ ఏడు వానలు ముందే మొదలయ్యాయి. చెమ్మకి హాల్లో బండలు లేచిపోయాయి. మేస్త్రీ వచ్చి సామానంతా తీసేస్తేనే పని మొదలుపెడతానన్నాడు. అత్తయ్య కుక్కల క్లబ్బు మీటింగుకని పక్క ఊరు వెళ్లింది. సాయంత్రానికల్లా మళ్లీ సర్దేయొచ్చు కదా అని, నేనూ మా ఆయనా బల్లలూ బీరువా వరండాలోకి మోశాం.

దొర షెడ్డులోంచి వచ్చాడు. వాడు మా ఇంటి మగకుక్కల్లో పెద్ద పేరున్నవాడు. ఐదేళ్లు, మూడుసార్లు ఛాంపియన్. తల పైకెత్తి, ఎవరికీ దారివ్వకుండా, పేరుకి తగ్గట్టే నడుస్తాడు. అలాగే వచ్చి బీరువాకి ధడేల్మని గుద్దుకున్నాడు.

"ఏం దొరా, పొద్దున్నే మందు కొట్టావా?" అని నేను నవ్వాను. మేస్త్రీ కూడా నవ్వాడు.

వాడు పక్కకి జరిగి బల్లకి గుద్దుకున్నాడు. వెనక్కి తిరిగి స్టూలుకి గుద్దుకున్నాడు. ఇక కదల్లేదు. ఒక కాలు ఎత్తి, ముందు ఏముందోనని గాల్లో తడిమాడు. నా నవ్వు ఆగిపోయింది. దగ్గరికి వెళ్లి కళ్ల ముందు చెయ్యి ఆడించాను. పట్టపగలు. రెప్ప కూడా వేయలేదు.

మధ్యాహ్నం అత్తయ్య వచ్చింది. బండలు ఎలా వేశారని అడగలేదు. "సామాను ఎవరు కదిపారు?" అంది. దొర మెడపట్టీ పట్టుకుని స్వయంగా షెడ్డుకి నడిపించింది. సిమెంటు ఇంకా ఆరలేదని మేస్త్రీ నెత్తీనోరూ కొట్టుకుంటున్నా వినకుండా, అదే సాయంత్రం ఒక్కో వస్తువూ దాని పాత చోటికి చేర్పించింది. స్టూలు మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వకుండా తనే పెట్టి, కొంచెం సరిచేసి, మళ్లీ సరిచేసింది. మర్నాడు పొద్దున దొర ఎప్పట్లాగే తల పైకెత్తి హాల్లోంచి నడిచి వెళ్లాడు. దేన్నీ తాకలేదు. ఆరేళ్ల కిందట నేను తిన్న తిట్లకి అర్థం నాకు అప్పుడు తెలిసింది. అప్పటికి దొర పుట్టనే లేదు, అంటే వాడి ముందుతరం కుక్కలకీ కళ్లు పోయాయన్నమాట.

వారం తర్వాత కుక్కలకి టీకాలు వేయడానికి పశువుల డాక్టరు వచ్చాడు. ఇంజెక్షన్ వేస్తూ కూడా జోకులు వేసే మనిషి. అత్తయ్య షెడ్డులో ఉండగా, దొర కళ్లు ఒకసారి చూడమన్నాను. చిన్న లైటు వేసి చాలాసేపు చూశాడు. జోకు వేయలేదు.

"కంటి వెనక పొర పలచబడిపోయిందమ్మా. మొదట చీకట్లో కనిపించదు. తర్వాత పగలు కూడా కనిపించదు. దీనికి మందు లేదు."

"దెబ్బ తగిలిందేమో?"

"దెబ్బ కాదు, పుట్టుకతో వచ్చింది. కానీ మూడు నాలుగేళ్లు వచ్చేదాకా బయటపడదు. మీరు పిల్లల్ని ఎప్పుడు అమ్ముతారు?"

"ఎనిమిది వారాలకి."

"మరదే. అప్పుడు పిల్లలన్నిటికీ చూపు బాగానే ఉంటుంది."

ఆయన అరటిపండు ఒలిచినట్టు చెప్పాడు. పిల్లకి చూపు జీన్స్ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి. రెండిట్లో ఒకటి మంచిదైతే చాలు, కళ్లకి ఏమీ కాదు. రెండూ చెడ్డవైతే కళ్లు పోతాయి. బుగ్గ లోపల దూదిపుల్లతో రుద్ది ల్యాబుకి పంపితే ఏ కుక్కకి ఎన్ని చెడ్డవి ఉన్నాయో తెలిసిపోతుంది. దొరదీ తేనెదీ పంపమన్నాను.

"మీ అత్తగారికి చెప్పారా?"

"చెప్తాను."

"ఎప్పుడు?"

"మీరు గేటు దాటాక ఆలోచిస్తాను."

తేనె ఎందుకంటే, ఇంకో నెలలో అది ఎదకొస్తుంది. దాన్ని దొరకే కలపాలని అత్తయ్య ఎప్పుడో నిర్ణయించేసింది. ఇంకా పుట్టని పిల్లల కోసం ఎనిమిది ఇళ్లవాళ్లు పేర్లు ఇచ్చి ఎదురుచూస్తున్నారు.

మూడు వారాలకి డాక్టరు ఫోను చేశాడు. దొరకి రెండూ చెడ్డవే. తేనెకి ఒకటి. "వీళ్లిద్దర్నీ కలిపితే లెక్క ప్రకారం సగం పిల్లలకి కళ్లు పోతాయి. తేనెని పరీక్షలో బాగున్న మగదానికి కలిపితే ఒక్కదానికీ పోవు. ఇక మీ ఇష్టం," అన్నాడు. మా ఇష్టమట. ఆ ఇంట్లో నా ఇష్టం ఎప్పుడు అడిగారో ఆయనకేం తెలుసు!

ఆ మధ్యాహ్నమే బస్సు డ్రైవరు వచ్చాడు. దొరతో పాటు ఒకే ఈతలో పుట్టిన ఆడకుక్కని ఐదేళ్ల కిందట కొనుక్కెళ్లిన మనిషి. దాన్ని చంటిబిడ్డలా రెండు చేతుల మీద ఎత్తుకొచ్చాడు. ముందుకాలికి కట్టు.

"కుక్కలమ్మగారూ, మేము ఇల్లు మారామండి," అన్నాడు. "మారిన మర్నాటి నుంచి ఇది అన్నిటినీ గుద్దుకుంటోంది. మొన్న మెట్ల మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకుంది. పాతింట్లో బాగానే ఉండేదండి. మా ఆవిడ మేం తినేదే దీనికీ పెట్టేది. పెట్టొద్దని మీరు అప్పుడే చెప్పారు. దానివల్లే కళ్లు పోయాయేమోనని..." కుక్క కాలి కట్టు సవరించాడు. "పది రోజులుగా నేను ఆవిడతో మాట్లాడటం లేదండి."

అత్తయ్య ఆ కుక్క గడ్డం పట్టుకుని కళ్లలోకి చూసింది. ఎక్కువసేపు చూడలేదు.

"ఉప్పూ కారం పెడితే కళ్లేం ఖర్మ, కిడ్నీలు కూడా పోతాయి. నా మాట వింటేగా మీరు! సరే, అయిందేదో అయింది. క్యారెట్లు ఉడకబెట్టి పెట్టు. వారానికి రెండుసార్లు లివర్ పెట్టు. చేపనూనె కూడా..."

డ్రైవరు జేబులోంచి పెన్ను తీసి, ఆసుపత్రి చీటీ వెనక "క్యారెట్లు" అని రాసుకున్నాడు. కుక్కని ఒక చేత్తో ఒళ్లో పట్టుకుని, పరీక్ష రాసేవాడిలా ఒక్కో అక్షరం పొందిగ్గా పెడుతున్నాడు.

"రాసుకోకండన్నా," అన్నాను.

ఇద్దరూ నా వైపు తిరిగారు.

"మీ ఆవిడ తప్పేం లేదు. ఆవిడ ఏం పెట్టినా, ఏం పెట్టకపోయినా దీని కళ్లు పోయేవే. ఇది మా ఇంటి నుంచి వచ్చిన జబ్బు. దీనితో పుట్టిన మా దొరకీ ఉంది. పరీక్ష చేయించాను."

"లోపలికి పో," అంది అత్తయ్య.

"పోను."

ఆ ఇంట్లో ఆ మాట అనడం అదే మొదలు. అనేశాక ఏమీ కూలిపోలేదు. డ్రైవరు గట్టిగా అరుస్తాడేమో, అరిస్తే బాగుండునని చూశాను. ఆయన చీటీ మడిచి జేబులో పెట్టుకుని, "ముందు ఇంటికెళ్లి మా ఆవిడకి చెప్పాలండి," అన్నాడు. కుక్కని ఎత్తుకుని వెళ్లిపోయాడు.

గేటు పడీపడగానే అత్తయ్య అందుకుంది. "పరాయివాడి ముందు నా పరువు తీశావు."

"దొర వాళ్లమ్మకి కళ్లెందుకు పోయాయి?"

"ముసలితనం."

"వాళ్లమ్మ తమ్ముడికి?"

"ఎండదెబ్బ."

"దొర అమ్మమ్మకి?"

"పిల్లి గీరింది. నువ్వు చూశావా? నువ్వు పుట్టావా అప్పటికి?"

ఒక్కో కుక్కకి ఒక్కో కారణం ఆవిడ దగ్గర సిద్ధంగా ఉంది. "మరి ఈ ఇంట్లో స్టూలెందుకు కదలకూడదు?" అన్నాను. ఆవిడ గొంతు తగ్గించి అడిగింది.

"నా ఇంట్లో ఏ కుక్కైనా ఒక్కరోజు బాధపడటం చూశావా?"

చూడలేదు. అబద్ధం ఎందుకు చెప్పాలి? కళ్లులేని కుక్కకి కళ్లు లేవని తెలియకుండా బతికించడానికి ముప్పై ఏళ్లు ఒక ఇంటిని మేకులు కొట్టినట్టు ఉంచిన మనిషి ఆవిడ. అది ప్రేమ కాదని నేననను. ప్రేమే కాబట్టి నాకు ఇంకా ఒళ్లు మండింది.

"మన ఇల్లు సరే అత్తయ్యా. కొనుక్కెళ్లినవాళ్ల ఇళ్లలో కుర్చీలు కదులుతాయి."

ఆవిడ లోపలికి నడిచింది, నేను వెంట నడిచాను.

"దొరని ఇక క్రాసింగ్‌కి వాడొద్దు. తేనెని బయటి మగదానికి కలుపుదాం. పరీక్ష చేయించి మంచిదాన్నే చూద్దాం."

"బయటి రక్తమా?" నేను ఇంట్లోకి దొంగని పిలిచినట్టు చూసింది. "ఈ తల రావడానికి నాకు ముప్పై ఏళ్లు పట్టింది. ఒక్క ఈతతో పోతుంది."

"పోనీండి. తల పోతే పోయింది, కళ్లుంటాయి."

"తేనె నీ సొత్తనుకుంటున్నావా?"

"కాగితం మీద నా పేరే ఉంది. మీరే రాయించారు. నేను సంతకం పెట్టకపోతే పిల్లలకి పెడిగ్రీ రాదు."

"కాగితాలు లేకపోయినా నా పిల్లల్ని కళ్లకద్దుకుని తీసుకెళ్లేవాళ్లు ఊరినిండా ఉన్నారు. నువ్వెవరే నాకు చెప్పడానికి?" అంది. తర్వాత నాతో మాట్లాడటం మానేసింది.

తేనె ఎదకొచ్చింది. అందులో కలపడానికి పనికొచ్చేది నాలుగు రోజులే. అవి దాటితే మళ్లీ ఆరు నెలలు. మొదటి రోజు పొద్దున్నే దాన్ని మా పడకగదిలోకి తెచ్చి, బయట తాళం వేసి, తాళంచెవి నడుములో దోపుకున్నాను. మా ఆయన దిండు తీసుకుని హాల్లోకి చేరాడు. ఎందుకు, ఏమిటి అని అడగలేదు. అడిగితే ఒక పక్షం చేరాల్సి వస్తుందని భయం.

ఇక ఆ ఇంట్లో మాటలన్నీ ఆయన మీదుగానే నడిచాయి.

"నీ పెళ్లానికి చెప్పరా, అది కుక్క, దేవత కాదు, గదిలో పెట్టి పూజ చేయడానికి."

"మీ అమ్మగారికి చెప్పండి, పూజ కాదు, కాపలా."

"కాపలా కుక్కకి కావాలా, కుక్క కాపలా ఉండాలా, అడుగు."

"ఏ ఇంట్లోనైనా కుక్కే ఉంటుంది. ఈ ఇంట్లో నేనున్నానని చెప్పండి."

ఆయన పాపం అన్నం కలుపుతూ ఇటూ అటూ తల తిప్పడమే సరిపోయింది. దొర మాత్రం గది తలుపు దగ్గరే పడుకుని పగలంతా ఏడ్చాడు. వాడిని చూస్తే నాకు జాలేసింది. వాడి తప్పేముంది? గదిలోంచి తేనె, బయట నుంచి దొర, మధ్యలో నేను పీట వేసుకుని బియ్యం ఏరుకుంటూ కూర్చున్నాను. ప్రేమికుల్ని విడదీసే సవతి తల్లి వేషం నాకే రావాలా అని నవ్వు కూడా వచ్చింది.

మూడో రోజు మధ్యాహ్నం అత్తయ్య కొట్టుకి కబురుపెట్టి కొడుకుని పిలిపించింది. "పనిముట్ల పెట్టె తెచ్చుకో" అని కూడా చెప్పింది. ఆయన పెట్టె పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"తాళం తియ్యి," అంది.

నేను పీట మీద నుంచి లేవలేదు. బతిమాలలేదు కూడా. ఆయన నా పక్కన మోకాళ్ల మీద కూర్చుని పెట్టె తెరిచాడు. ఆ తాళం ఆయన కొట్టులోదే. కళ్లు మూసుకుని అరనిమిషంలో తీస్తాడు. సన్న కొక్కెం ఒకటి తీసి లోపలికి పోనిచ్చి, చెవి ఒగ్గి విన్నాడు. ఒకసారి తిప్పాడు. లోపల తేనె తోక తలుపుకి కొట్టుకుంటోంది. ఆయన కొక్కెం బయటికి తీసి పెట్టెలో పెట్టేశాడు.

"ఇది రాదమ్మా."

"నువ్వు తీయలేని తాళముందట్రా?"

"ఉంది. ఇదే."

పెట్టె మూసి, మోకాళ్లు దులుపుకుని, నా వైపు చూడకుండానే కొట్టుకి వెళ్లిపోయాడు. అన్నం కూడా తినలేదు. ఆరేళ్ల కాపురంలో ఆయన గోడ దిగడం అదే మొదటిసారి. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. బియ్యంలో రాళ్లు కనిపించక చేట పక్కన పెట్టేశాను.

నాలుగు రోజులూ గడిచాయి. ఐదో రోజు, ఆరో రోజు కూడా తాళం తీయలేదు. నాకు అత్తయ్య సంగతి తెలుసు. పేర్లిచ్చిన ఎనిమిది ఇళ్లకీ ఈసారి పిల్లలు లేవని నేనే చెప్పాను. కారణం అడిగినవాళ్లకి కారణం చెప్పాను. ఇద్దరు థాంక్స్ అన్నారు. ఒకాయన, ఇంటి గుట్టు బయటపెడతావా, నువ్వేం కోడలివి అన్నాడు. నేను ఇలాంటి కోడల్నే అన్నాను.

కానీ ఇంకా పుట్టని పిల్లల సంగతి తేలినంత మాత్రాన సరిపోదు. ఇప్పటికే ఊళ్లమీద ఉన్నవాటి మాటేమిటి? కొన్నవాళ్లు తెలియక వాటికి జతలు కలుపుతున్నారు, పిల్లల్ని తీస్తున్నారు. ఒక పొద్దున అత్తయ్య అలమారలోంచి పిల్లల పుస్తకం తీశాను. అడగలేదు. అందులో ప్రతి పిల్లకీ తల ఫోటో, పుట్టిన తేదీ, ఎవరింటికి వెళ్లిందో వాళ్ల ఫోను నంబరు ఉంటాయి. దొర పిల్లలే నలభై మూడు. హాల్లో కూర్చుని మొదలుపెట్టాను. అత్తయ్య గుమ్మంలో దొరకి దువ్వెన పెడుతోంది. అన్నీ వినిపిస్తాయి. వినిపించాలనే అక్కడ కూర్చున్నాను.

మొదటి నంబరు పనిచేయలేదు. రెండో నంబరు ఒక టైలరమ్మది. అంతా విని, "మా వాడికి చూపు మందగించిందని నేనూ అనుకుంటున్నానమ్మా, పోనీలే, ఇప్పుడు తెలిసింది," అని ఏడ్చింది. మూడోది ఒక కాంట్రాక్టరు. వాళ్ల ఆడకుక్క కడుపుతో ఉంది. ఇంకో రెండు వారాల్లో ఈనుతుంది. తండ్రి ఎవరని అడిగాను. అది కూడా మా ఇంటి కుక్కే.

సంగతి చెప్పగానే ఆయన మొదలుపెట్టాడు. నన్ను, నా వంశాన్ని, నాకు చదువు చెప్పినవాళ్లని ఎవరినీ వదల్లేదు. మధ్యలో ఒక్క మాట చెప్పబోతే ఇంకా రెచ్చిపోయాడు. నేను ఫోను పెట్టేయలేదు. దువ్వెన చప్పుడు ఆగింది. అత్తయ్య లేచి వచ్చి నా ముందు నిలబడి చెయ్యి చాచింది.

ఫోను లాక్కుని కట్ చేస్తుందనుకున్నాను. చెవికి పెట్టుకుంది.

"నేనయ్యా, కుక్కలమ్మని. ఆ పిల్లని ఏమీ అనకు. దానికీ దీనికీ సంబంధం లేదు. నా కుక్కల గురించి ఏమనాలన్నా నన్ను అను."

ఆయన ఒకే ఒక్క ప్రశ్న వేశాడు. ఫోను బయటికి కూడా వినిపించేంత గట్టిగా అడిగాడు.

"అమ్మేటప్పుడు నీకు తెలుసా?"

అంత పోట్లాడిన నేను కూడా ఆవిడని సూటిగా అడగని ప్రశ్న అది. ఆవిడ కొడుకు ముప్పై ఏళ్లలో అడగని ప్రశ్న. ముసలితనమో, ఎండదెబ్బో, పిల్లి గీరడమో వస్తుందని నేను ఎదురుచూశాను. అత్తయ్య వీపు నిటారుగా పెట్టింది.

"తెలుసు," అంది. "తెలిసే అమ్మాను."

ఆయన తిట్టాడు. చాలాసేపు తిట్టాడు. కుర్చీ పక్కనే ఉన్నా ఆవిడ కూర్చోలేదు, ఒక్క మాటకీ అడ్డు చెప్పలేదు, ఫోను చెవి నుంచి అంగుళం జరపలేదు. అన్నీ అయిపోయాక, "ఆ పిల్లలు పుట్టగానే అన్నిటికీ పరీక్ష చేయించు. డాక్టరు నంబరు మా కోడలు చెబుతుంది, రాసుకో," అంది. నేను చెప్పాను. ఆయన రాసుకున్నాడు.

అత్తయ్య ఫోను నాకు తిరిగి ఇవ్వలేదు. పుస్తకం వైపు గడ్డంతో చూపించింది.

"నోరెళ్లబెట్టి చూస్తావేంటే? తర్వాత నంబరు చెప్పు."